కారు రాత్రి ఎక్కడుంటుంది? బెంటన్‌విల్ చలిలో రిమోట్ స్టార్టర్ లెక్కలు

ఆర్కన్సా రాష్ట్రంలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 29 డిగ్రీల ఫారెన్‌హీట్, మన కొలతలో మైనస్ 34 సెల్సియస్. 1905 ఫిబ్రవరి 13న ఆ చలి పడిన గ్రావెట్ ఊరు, బెంటన్‌విల్ ఉన్న బెంటన్ కౌంటీలోదే. నూటిరవై ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడెందుకంటారా? 2021 ఫిబ్రవరి 16న పక్కనున్న ఫేయెట్‌విల్‌లో మైనస్ 20 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది. ఆ ఊరి రికార్డుల్లో అంతకన్నా చలి రోజు లేదు.

అలాంటి రోజులు అరుదే. మామూలు జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున పాతిక ఫారెన్‌హీట్ అటూఇటూగా ఉంటుంది, అంటే దాదాపు మైనస్ 4 సెల్సియస్. లంబసింగిలో సున్నా దగ్గరికొచ్చిందని తెలిస్తే విశాఖ నుంచి రాత్రికి రాత్రే కార్లేసుకుని చూడ్డానికి వెళ్తాం. ఇక్కడ అంతకన్నా ఎక్కువ చలి, ఆఫీసుకి టైమవుతున్న వేళ, ముందద్దం మీద గట్టిపొరై కూర్చుంటుంది.

వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం కోసం, దాని చుట్టూ చేరిన సరఫరా కంపెనీలూ ఐటీ సంస్థల కోసం ఈ ఊరికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. 2010 జనగణనలో 35,301గా ఉన్న బెంటన్‌విల్ జనాభా 2020 నాటికి 54,164 అయింది. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి చలికాలం మొదలవగానే తలెత్తే ప్రశ్నల్లో ఒకటి: దూరం నుంచే ఇంజిన్‌ని ఆన్ చేసే రిమోట్ స్టార్టర్ కారుకి పెట్టించాలా, ఎంతవుతుంది, ఏది మంచిది? అడిగిన ప్రతివాళ్లూ ధర దగ్గరా, డబ్బా మీద వేసిన రేంజ్ దగ్గరా ఆగిపోతారు. వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ కారు రాత్రి ఎక్కడుంటుంది? అపార్ట్‌మెంట్ ముందు ఆరుబయట ఉండే కారుకి రిమోట్ స్టార్టర్ మీద పెట్టిన డబ్బు దండగ కాదు. ఇంటిని ఆనుకున్న గరాజ్‌లో ఉండే కారుకి మాత్రం దాని అవసరం తక్కువ, ప్రమాదం ఎక్కువ. నేను ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో అంకెల్లోనే చూద్దాం.

వేడెక్కాల్సింది ఇంజినా, అద్దమా?

చలికాలంలో బండిని పది నిమిషాలు ఊరకే ఆన్‌లో ఉంచితేగానీ కదపకూడదన్నది కార్బ్యురేటర్ల కాలం నాటి జాగ్రత్త. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లకి అది వర్తించదు. స్టార్ట్ చేసిన అర నిమిషానికి నెమ్మదిగా కదిలించమనే చాలా కంపెనీలు చెబుతాయి. నిలబెట్టి ఉంచినదానికన్నా నడుపుతున్నప్పుడే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. పైగా చల్లటి ఇంజిన్ చాలాసేపు నిలబడి తిరిగితే పూర్తిగా మండని ఇంధనం కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది.

కాబట్టి ఆ పది నిమిషాలు ఇంజిన్ కోసం అనుకోవద్దు, అవి అద్దం కోసం, లోపల కూర్చునే మనుషుల కోసం. ఆరుబయట రాత్రంతా ఉన్న కారు ముందద్దాన్ని పొద్దున్నే దగ్గరగా చూస్తే, వైపర్ల రబ్బరు అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. బలవంతంగా లాగితే రబ్బరు అంచు చిరుగుతుంది. వేడి నీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. ప్లాస్టిక్ గీకుడుబిళ్లతో గీకితే డ్రైవర్ ముందు జానెడు కిటికీ ఏర్పడుతుంది, చాలామంది అందులోంచి చూస్తూనే బయల్దేరతారు. ఇది చలికాలంలో కనిపించే అతి ప్రమాదకరమైన అలవాట్లలో ఒకటి. డీఫ్రాస్టర్ గాలి కిందనుంచి వెచ్చగా తగులుతుంటే మంచుపొర అద్దం మీద పట్టు వదులుతుంది, అప్పుడు గీకుడుబిళ్ల ఒక్క తోపుతో పలకలాగా జారిపోతుంది. రిమోట్ స్టార్టర్ చేసిపెట్టే అసలు పని అదే.

గ్యాస్ (పెట్రోలు) ఖర్చెంత?

రెండు లీటర్ల ఇంజిన్ ఉన్న చిన్న కారు ఏ లోడూ లేకుండా నిలబడి తిరిగితే గంటకి 0.16 గ్యాలన్ తాగుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 4.6 లీటర్ల పెద్ద సెడాన్‌కి అది 0.39. హీటరో ఏసీయో కలిపి, ఇంజిన్ సైజునుబట్టి గంటకి పావు నుంచి అర గ్యాలన్ అనుకుంటే సరిపోతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పనిదినాలు 60 అనుకుందాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేముందు ఒకసారి, ఒక్కోసారికి 10 నిమిషాలు. మొత్తం 120 స్టార్ట్‌లు, 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు. పావు గ్యాలన్ లెక్కన 5 గ్యాలన్లు, అర గ్యాలన్ లెక్కన 10. గ్యాలన్ 3 డాలర్లయితే చలికాలం మొత్తానికి 15 నుంచి 30 డాలర్లు. మీ బంకులో ధర వేరైతే ఆ మేరకు సవరించుకోండి.

డబ్బుగా చూస్తే ఇది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ బెంటన్‌విల్ లాంటి చిన్న ఊళ్లో దాని వాటా ఎంతో చూడాలి. ఇంటినుంచి ఆఫీసు 4 మైళ్లు, కారు గ్యాలన్‌కి 25 మైళ్లు ఇస్తుందంటే ఆ ప్రయాణానికి పట్టేది 0.16 గ్యాలన్. పది నిమిషాలు నిలబడి తిరిగినందుకు పట్టేది 0.04 నుంచి 0.08. అంటే ప్రయాణానికి అయ్యే ఇంధనంలో పావు వంతు నుంచి సగం దాకా అదనంగా, కదలకుండానే కాలిపోతుంది. అసలే 20 ఫారెన్‌హీట్‌లో పెట్రోలు కారు మైలేజీ, 77 ఫారెన్‌హీట్‌లో ఇచ్చేదానికన్నా 15 శాతం పడిపోతుంది. మూడు నాలుగు మైళ్ల పొట్టి ప్రయాణాల్లో ఆ తరుగు 24 శాతం దాకా పోవచ్చు. ఒక గ్యాలన్ పెట్రోలు మండితే 8.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కనక, పై పది గ్యాలన్లు 89 కిలోలు. దేశం మొత్తం మీద నిలబడి తిరిగే వాహనాలు ఏటా 600 కోట్ల గ్యాలన్లు వృథా చేస్తున్నాయనీ, అందులో దాదాపు సగం సొంత కార్లదేననీ ఇంధన శాఖే అంటోంది. అందుకే స్టార్టర్ కొన్నాక దాని సమయాన్ని పదిహేను నిమిషాలకో ఇరవైకో పెంచుకోకుండా, మీ అద్దం విడివడటానికి చాలినంతకి కుదించుకోవాలి. బయటి కంపెనీల పరికరాల్లో ఆ నిమిషాలు మార్చుకునే వీలుంటుంది. బిగించేవాళ్లని అడిగి అప్పుడే పెట్టించుకోవాలి.

గరాజ్ సంగతి

బెంటన్‌విల్‌లో కొత్తగా కట్టే ఇళ్లకి రెండు మూడు కార్లు పట్టే గరాజ్ ఇంటిని అంటుకునే ఉంటుంది. గరాజ్‌కీ వంటింటికీ మధ్య ఒక్క తలుపు. తరచు పైన పడగ్గది. ఆ గరాజ్‌లో ఉన్న కారుని ఒక్క మీట నొక్కి దూరం నుంచి స్టార్ట్ చేసే వీలు పెట్టుకోవడమంటే నాకు నిజంగా భయం.

చల్లటి ఇంజిన్ మొదటి నిమిషాల్లోనే ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. ఎందుకంటే పొగని శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్ వేడెక్కితేగానీ పనిచేయదు. అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గరాజ్ పెద్ద తలుపు తెరిచే ఉంచి రెండు నిమిషాలు కారుని ఆన్‌లో ఉంచారు. గరాజ్ గాలిలో ఆ వాయువు 500 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో 500కి) చేరింది. కారుని బయటికి తీసి పది గంటలు గడిచాక కూడా కొలవదగినంత మిగిలే ఉంది. తలుపు తెరిచే ఉందిగదా అనుకునేవాళ్లు ఈ ఒక్క ప్రయోగాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. పనిచోట్ల ఎనిమిది గంటల సగటుకి అమెరికా ప్రభుత్వం పెట్టిన పరిమితి 50 పీపీఎం.

ఇంట్లో అలారం ఉందిగా అంటే, అది మోగడానికీ సమయం పడుతుంది. అమెరికాలో అమ్మే అలారాల ప్రమాణం ప్రకారం 400 పీపీఎం దగ్గర 4 నుంచి 15 నిమిషాల్లో, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాల్లో, 70 దగ్గర ఒక గంట నుంచి నాలుగు గంటల్లో మోగాలి. అంతకన్నా ముందే మోగాలని నియమం లేదు. రంగూ వాసనా లేని ఆ వాయువు వల్ల, అగ్నిప్రమాదాలు కాకుండా, ఏటా 400 మందికి పైగా అమెరికన్లు చనిపోతున్నారు. లక్షమందికి పైగా ఎమర్జెన్సీకి వెళ్తున్నారు. తలనొప్పి, వికారం, మగత, అంతే లక్షణాలు. ఫ్లూ అనుకుని పడుకుని మళ్లీ లేవనివాళ్లున్నారు.

నేను జాగ్రత్తగా ఉంటాను, గరాజ్‌లో ఉన్నప్పుడు నొక్కను అనొచ్చు. నొక్కకపోయినా జరిగిన సందర్భం ఒకటి చెబుతాను. 2013లో సుబారు కంపెనీ 47,419 కార్లని వెనక్కి పిలిచింది. 2010 నుంచి 2013 మోడళ్ల లెగసీ, అవుట్‌బ్యాక్, ఇంప్రెజా, క్రాస్‌ట్రెక్ కార్లలో రిమోట్ స్టార్టర్ ఉన్నవి. ఆ రిమోట్ కిందపడితే లోపల చెడిపోయి, ఎవరూ నొక్కకుండానే స్టార్ట్ సంకేతం పంపుతుంది. ఇంజిన్ పదిహేను నిమిషాల దాకా తిరిగి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. రిమోట్‌లో బ్యాటరీ అయిపోయేదాకానో, బండిలో గ్యాస్ అయిపోయేదాకానో ఇలా సాగొచ్చు. అలాంటి కారు గరాజ్‌లో ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. తాళం తిప్పే పనిలేని బటన్ స్టార్ట్ కార్లని ఆపడం మర్చిపోయి ఇళ్లలోకి వెళ్లినవాళ్లలో 2006 నుంచి కనీసం 28 మంది చనిపోయారని న్యూయార్క్ టైమ్స్ 2018లో లెక్కగట్టింది. 2021 నవంబరు నాటి మౌలిక వసతుల చట్టంలో, అలాంటి కార్ల ఇంజిన్ కొంతసేపటికి తనంతట తానే ఆగిపోయేలా నిబంధన తేవాలని రాశారు.

ఇంకో వైపు నుంచి చూడండి. గరాజ్‌లో పెట్టిన కారు అద్దం మీద మంచు పడదు. లోపలి చలి కూడా బయటంత ఉండదు. ఏ పని కోసం రిమోట్ స్టార్టర్ కొంటామో ఆ పనే అక్కడ లేదు. ఫ్యాక్టరీ నుంచే స్టార్టర్‌తో వచ్చిన కారు గరాజ్‌లో ఉంటుంటే, సెట్టింగుల్లో దాన్ని ఆపేసే వీలుందేమో చూసి ఆపేయడం మంచిది. అలారం గురించి ఇంకో మాట. 2009 జనవరి చివర్లో వాయవ్య ఆర్కన్సాని ముంచిన మంచుతుఫానులో కరెంటు తీగలు తెగి ఇళ్లు చీకట్లో ఉండిపోయాయి. గోడ సాకెట్‌లో పెట్టే అలారం అలాంటప్పుడు పనికిరాదు. బ్యాటరీతో కూడా పనిచేసేది కొనాలి, పడగ్గదుల దగ్గర ఒకటి ఉండాలి.

ఆరుబయట కారుకీ ఒక జాగ్రత్త ఉంది. మంచు బాగా కురిసిన రాత్రి తర్వాత సైలెన్సర్ గొట్టం నోరు మంచులో కూరుకుపోయి ఉంటే పొగ కారు కిందనే నిలిచి లోపలికి చేరుతుంది. ఆ రోజు ఇంట్లోంచి నొక్కకుండా, ముందు వెళ్లి గొట్టం దగ్గర మంచు తీసి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి.

కొనే దారులు, వాటి ఖరీదు

ఫ్యాక్టరీ నుంచే రిమోట్ స్టార్ట్‌తో వచ్చిన మొదటి మామూలు కార్లలో 2004 షెవ్రొలే మాలిబు ఒకటి. ఇప్పుడు చాలా కార్లకి అది తాళంచెవి ఫాబ్ మీదే ఉంటుంది. లాక్ నొక్కి, తర్వాత స్టార్ట్ బటన్ కొన్ని సెకన్లు పట్టి ఉంచితే చాలు. పది పదిహేను నిమిషాలకి తానే ఆగిపోతుంది. కారు కొనేటప్పుడు ఇది ఏ ట్రిమ్‌లో ఉందో అడగండి. కొన్ని కార్లలో పై ట్రిమ్‌కి మారడానికి అయ్యే అదనం, బయట పెట్టించుకునేదానికన్నా చాలా ఎక్కువ.

యాప్ ద్వారా నడిచే ఫ్యాక్టరీ స్టార్ట్‌కి నెలసరి చందా ఉండొచ్చు. 2021 డిసెంబరులో టొయోటా కొనుగోలుదారులకి ఇది బాగా తెలిసొచ్చింది. కొన్ని మోడళ్లలో ఫాబ్ మీద బటన్ నొక్కి చేసే స్టార్ట్ కూడా ఉచిత గడువు ముగిశాక చందా కట్టకపోతే ఆగిపోతుందని అప్పుడే బయటపడింది. అప్పట్లో ఆ చందా నెలకి 8 డాలర్లు, ఏడాదికి 80. ఐదేళ్లకి 400 డాలర్లు. చందాతో పాటు నెట్‌వర్క్ ఆయుష్షు కూడా చూడాలి. అమెరికాలో 2022లో పాత 3జీ నెట్‌వర్కులు మూతపడినప్పుడు, వాటి మీద ఆధారపడిన చాలా పాత కార్ల యాప్ సేవలు అంతటితో ఆగిపోయాయి. కారు పదిహేనేళ్లు నడుస్తుంది, దాంట్లోని మోడెం అంతకాలం నిలుస్తుందని నమ్మకం లేదు.

ఇక కాంపుస్టార్, వైపర్, ఫోర్టిన్ లాంటి బయటి కంపెనీలవి. వైపర్ 2009లోనే ఐఫోన్ యాప్‌తో కారు స్టార్ట్ చేసే సదుపాయం తెచ్చింది. పరికరం, బిగింపు కలిపి సాధారణంగా 300 నుంచి 800 డాలర్ల మధ్య పడుతుంది. యూరప్ కార్లకి ఇంకా ఎక్కువ. 500 అనుకుని ఐదేళ్లకి పంచితే ఏడాదికి 100, ఇందాకటి 120 స్టార్ట్‌లకి పంచితే ఒక్కోసారికి 83 సెంట్లు. దాంతో పోలిస్తే పది నిమిషాల గ్యాస్ 12 నుంచి 25 సెంట్లు. ఐదేళ్లు ఆ కారు మీ దగ్గర ఉండదనుకుంటే ఈ లెక్క ఇంకా బరువవుతుంది. వీసా తేలక, ఏ ఊరు వెళ్తామో తెలియక రెండేళ్లకి కారు అమ్మే కుటుంబాలు మన దగ్గర చాలా. వాళ్లకి ఒక్కో స్టార్ట్ రెండు డాలర్లు దాటుతుంది. గీకుడుబిళ్లా, రాత్రి ముందద్దం మీద కప్పే గుడ్డా కలిపి పాతిక డాలర్ల లోపు వస్తాయి.

అడుగులు, మైళ్లు

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది రేంజ్. 1,000 అడుగులు, 3,000 అడుగులు, ఒక మైలు. అది అడ్డమేమీ లేని మైదానంలో కొలిచింది. కాంక్రీటు గోడలు, ఇనుప చట్రాలు, మధ్యలో నిలిపిన ఇతర వాహనాలు దాన్ని బాగా తినేస్తాయి. మూడో అంతస్తు అపార్ట్‌మెంట్ నుంచి కింద పార్కింగ్ 200, 300 అడుగులకి మించదు కనక మామూలు రిమోట్ చాలు. 2025లో తెరుచుకున్న వాల్‌మార్ట్ కొత్త ప్రాంగణం సుమారు 350 ఎకరాలది. అలాంటి చోట ఒక భవనం మధ్యలో కూర్చుని దూరంగా ఉన్న కారుని స్టార్ట్ చేయాలంటే అడుగులు కొలిచి లాభం లేదు, యాప్ కావాలి.

రేంజ్ కన్నా నేను విలువిచ్చేది రిమోట్ తిరిగి జవాబిస్తుందా లేదా అన్నది. ఒకవైపు రిమోట్ సంకేతం పంపి ఊరుకుంటుంది. రెండువైపుల రిమోట్ ఇంజిన్ స్టార్టయింది, తలుపులు లాకయి ఉన్నాయి, ఆగిపోయింది అని తిరిగి చెబుతుంది. ఇంటి కిటికీలోంచి కారు కనబడని వాళ్లకి అది అవసరం. కారు కళ్లెదుటే ఉంటే, లైట్లు వెలిగి స్టార్టయినట్టు తెలుస్తుంది, వంద డాలర్లు మిగుల్చుకోవచ్చు. మీ పాత ఫాబ్ మీదే లాక్ మూడుసార్లు నొక్కితే స్టార్టయ్యేలా పెట్టే పద్ధతి అన్నిటికన్నా చవక. అదనపు రిమోట్ మోయక్కర్లేదు, రేంజ్ మాత్రం ఫాబ్‌కి ఉన్నంతే.

డ్యాష్‌బోర్డు కింద

మంచి కంపెనీ పరికరం చెడుగా బిగిస్తే చెడ్డదే. బిగింపు జరిగే చోటు స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర. కింది ప్లాస్టిక్ పలక విప్పితే వెనక వైర్ల కట్టలు కనిపిస్తాయి. తాళం తిప్పే పాత కార్లలో ఎప్పుడూ కరెంటు ఉండే 12 వోల్టుల వైరు, ఇగ్నిషన్, యాక్సెసరీ, స్టార్టర్, ఎర్త్, బ్రేక్, పార్కింగ్ లైట్లు, తలుపు లాక్‌లు, ఇలా పది పన్నెండు చోట్ల కలపాలి. కొత్త కార్లలో చాలా సమాచారం క్యాన్ బస్ అనే రెండు వైర్ల మీదే నడుస్తుంది కనక మాడ్యూల్ అక్కడే విని, అక్కడే మాట్లాడుతుంది. కొన్ని మోడళ్లకి టీ హార్నెస్ దొరుకుతుంది. కంపెనీ కనెక్టర్ విప్పి మధ్యలో దీన్ని పెట్టి మళ్లీ బిగిస్తే వైరు కోయాల్సిన పనే ఉండదు. మీ కారుకి అది ఉంటే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. రేపు కారు అమ్మేటప్పుడో లీజు తీరి తిరిగిచ్చేటప్పుడో తీసేయడమూ తేలిక.

వైరు కోసి కలపాల్సి వస్తే సోల్డర్ చేసి టేపు చుట్టమనండి. వైరు మీద కరిపించి మూసే ప్లాస్టిక్ క్లిప్పులు, ముఖ్యంగా పెద్ద కరెంటు పోయే వైర్లకి, వద్దు. కారణం చిన్న లెక్క. హీటర్ ఫ్యానూ ఇగ్నిషనూ కలిపి 20 ఆంపియర్లు పోయే వైరులో అతుకు వదులై 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. 20ని 20తో హెచ్చవేసి 0.1తో గుణిస్తే 40 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్ పుట్టించేంత వేడి, డ్యాష్‌బోర్డు వెనక, ప్లాస్టిక్ మధ్యలో, ఎవరూ చూడని చోట. స్టార్టర్ పెట్టించాక కాలిన వాసన వస్తే మొదట అనుమానించాల్సింది అతుకులనే.

తర్వాతిది ఇమ్మొబిలైజర్. తాళంచెవిలోని చిప్‌ని గుర్తుపడితేగానీ ఇంజిన్‌ని తిరగనివ్వని రక్షణ అది. తాళం లేకుండా స్టార్ట్ చేయాలంటే దాన్ని ఒప్పించాలి. పాత పద్ధతిలో మీ రెండో తాళంచెవిని ఒక పెట్టెలో పెట్టి డ్యాష్‌బోర్డు లోపలే దాచేసేవారు. చోటు తెలిసిన దొంగకి అది తాళం అందించడమే. ఇప్పుడు చాలా కార్లకి, చిప్ సమాచారాన్ని మాడ్యూలే నేర్చుకుని స్టార్ట్ చేసే ఆ కొద్దిసేపే వాడే బైపాస్ దొరుకుతుంది. తాళంచెవి అడిగే బిగింపుదారుని ఎందుకని అడగండి. మీ కారులో అసలు ఇమ్మొబిలైజర్ ఉందో లేదో కూడా తెలుసుకోండి. 2015 మోడళ్లలో ఇతర కంపెనీల కార్లకి 96 శాతానికి అది ఉంటే, హ్యుందాయ్, కియా కార్లకి 26 శాతానికే ఉంది. మన విద్యార్థులు సెకండ్‌హ్యాండ్‌లో కొనే కార్లలో అవి చాలా ఉంటాయి. దొంగల భయమున్న అలాంటి కారుకి ముందు ఆ లోటు తీర్చే అలారమో లాకో పెట్టించి, వెచ్చదనం సంగతి తర్వాత చూడటం మేలు.

ఇంకో చిన్న వస్తువు బానెట్ స్విచ్. బానెట్ ఎత్తి ఉన్నప్పుడు స్టార్ట్ కాకుండా ఆపుతుంది. మెకానిక్ బెల్టు దగ్గర చెయ్యి పెట్టి ఉండగా, ఇంట్లో ఎవరో అలవాటుగా బటన్ నొక్కితే ఆ చేతిని కాపాడేది అదొక్కటే. పది నిమిషాల పని మిగుల్చుకోవడానికి దాన్ని వదిలేసేవాళ్లున్నారు. గేరు కారు అయితే రెండుసార్లు ఆలోచించండి. గేరులో ఉండగా స్టార్టయితే బండి ముందుకో వెనక్కో దూకుతుంది. దానికి ప్రత్యేక ఏర్పాటున్న పరికరాలున్నాయి, అవి తప్ప మరేదీ పెట్టించకూడదు.

వారంటీ పోతుందని డీలర్ భయపెట్టొచ్చు. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం బయటి వస్తువు పెట్టినంత మాత్రాన వారంటీ రద్దు చేయడానికి లేదు, ఆ వస్తువు వల్లే చెడిందని వాళ్లు చూపించాలి. లీజు కారుకి ఈ మాట చాలదు. కారు మీది కాదు కనక ముందు లీజు కంపెనీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

వేసవి, కరెంటు కార్లు, మన ఊరి సెల్లార్లు

బయట 80 ఫారెన్‌హీట్ ఉంటే మూసిన కారు లోపల పది నిమిషాల్లో 99కి, ఇరవైలో 109కి, గంటకి 123కి చేరుతుంది. వేసవిలో బెంటన్‌విల్ మధ్యాహ్నాలు 90 దగ్గర ఉంటాయి. అప్పుడు ఐదు నిమిషాల ఏసీ హాయిగానే ఉంటుంది. అయితే స్టార్ట్ చేసి ఉందిగదా అని పిల్లల్ని కారులో వదిలి దుకాణంలోకి వెళ్లకూడదు. గడువు తీరగానే ఇంజిన్ చెప్పకుండా ఆగిపోతుంది, పైన చెప్పిన లెక్క ఆ క్షణం నుంచి మొదలవుతుంది. అమెరికాలో ఏటా సగటున 37 మంది పిల్లలు ఇలా వేడి కార్లలోనే చనిపోతున్నారు.

పూర్తి కరెంటు కారు ఉన్నవాళ్లకి ఈ గొడవ చాలావరకు లేదు. 5 కిలోవాట్ల హీటర్ పది నిమిషాలు నడిస్తే 0.8 యూనిట్, 12 సెంట్ల లెక్కన పది సెంట్లు. పొగ లేదు కనక గరాజ్‌లోనూ నిశ్చింతగా వేడి చేసుకోవచ్చు, ఛార్జర్‌కి తగిలించి ఉంటే బ్యాటరీ కూడా తగ్గదు. హైబ్రిడ్ అలా కాదు. హీటర్ కోసం దాని ఇంజిన్ తనంతట తాను మొదలవుతుంది. గరాజ్ విషయంలో అదీ పెట్రోలు కారే.

హైదరాబాద్‌లోనూ ఇప్పుడిది కొత్త కాదు. 2019లో వచ్చిన హ్యుందాయ్ వెన్యూ నుంచి యాప్‌తో స్టార్ట్ చేసే కార్లు మధ్యతరగతి ఇళ్లకి చేరాయి. మే నెల ఎండకి ముందే ఏసీ వేసుకోవడం అక్కడి అవసరం. చాలా అపార్ట్‌మెంట్లలో కార్లుండేది సెల్లార్‌లో. గాలి ఆడని సెల్లార్‌లో కారుని పైనుంచి స్టార్ట్ చేస్తే ఆ పొగ పీల్చేది వాచ్‌మన్ కుటుంబం. వాళ్ల గది అక్కడే ఉంటుంది. సెల్లార్‌లో ఉన్న కారుని యాప్‌తో స్టార్ట్ చేయొద్దని నేను అడుగుతాను.

డబ్బులిచ్చేముందు

బిగింపుకి ముందు బ్యాటరీ పరీక్ష చేయించండి. 32 ఫారెన్‌హీట్ దగ్గర కారు బ్యాటరీ తన శక్తిలో 35 శాతం కోల్పోతుంది, సున్నా ఫారెన్‌హీట్ దగ్గర 60 శాతం. నీరసించిన బ్యాటరీతో స్టార్టర్ మొరాయిస్తే తప్పు కొత్త పరికరం మీద పడుతుంది.

పని అయ్యాక దుకాణం ఆవరణలోనే నాలుగు పరీక్షలు చేయించుకోండి. బానెట్ ఎత్తి రిమోట్ నొక్కితే స్టార్ట్ కాకూడదు. స్టార్టయి తిరుగుతున్న కారులో తాళంచెవి లేకుండా బ్రేక్ తొక్కితే ఇంజిన్ ఆగాలి. అద్దం పగలగొట్టి లోపలికి దూరినవాడు బండి తోలుకుపోకుండా ఆపేది అదే. తాళంచెవితో కూర్చున్నప్పుడు ఇంజిన్ ఆగకుండా మీ చేతికి వస్తుందో లేదో చూడండి. కొన్ని కార్లలో తలుపు తీయగానే ఆగిపోయి మళ్లీ స్టార్ట్ చేయాల్సి వస్తుంది, అది ముందే తెలియాలి. నిర్ణయించుకున్న నిమిషాలకి సరిగ్గా ఆగుతుందో గడియారం పెట్టుకుని చూడండి. సర్వీసుకి ఇచ్చేటప్పుడు రిమోట్ స్టార్ట్‌ని నిలిపివేసే వ్యాలే మోడ్ ఎలా పెట్టాలో కూడా అక్కడే నేర్చుకోండి.

బిగించిన స్టార్టర్ ఇంజిన్‌ని తిప్పుతుందేగానీ, చాలా కార్లలో హీటర్ మీటని మీరు నిన్న ఎక్కడ వదిలారో అక్కడే ఉంచుతుంది. అందుకని సాయంత్రం కారు దిగేముందు వేడిని ఎక్కువకి తిప్పి, గాలిని ముందద్దం వైపు మళ్లించి, ఫ్యాను ఆన్‌లో ఉంచి, వైపర్లు ఆపేసి దిగండి.